కదిపి చూడండి

రాజోలు సెంటర్లో
మైకుసెట్టు అద్దెకిచ్చే కొట్టు నాది.
పెళ్ళికీ, ఓణీలకీ, ఓట్లకీ,
వరదొస్తే "లంకోళ్ళంతా ఏటిగట్టెక్కండహో" అనటానికీ
నా బాకాలే పడవెక్కేవి.

నల్ల రికార్డులు నాలుగొందలుండేవి.
కేసెట్లొచ్చాక మా ఆవిడ వాటిని
మరిగే నీళ్ళలో ముంచి, గిన్నె మీద బోర్లించి,
పువ్వుల్లా వొంచి
కుంకుడుకాయలు పోసుకుంది.
ప్లేయరొక్కటి అమ్మలేదు.
ఎందుకని అడక్కండి. బరువు, అంతే.

మొన్న శుక్రవారం ఎస్తేరొచ్చింది,
కొల్లాబత్తులోళ్ళ పిల్ల.
చించినాడ వంతెన అవతల
రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది.
చంకలో అట్టపెట్టె,
ఐసుకి నాని తెల్లబడ్డ వేళ్ళు.
"బాబాయ్, నీ కాడ ముల్లుందా?"

పాటంటే పాట కాదంట. మాట.
పరిగెత్తే మాట.
షెడ్డులో మూడొందల మంది ఆడోళ్ళు
టక్కున తల, సర్రున తోలు, టప్పున తొట్టిలో,
ఆ దరువు మీద ఆరేళ్ళు కట్టుకుందంట
పెదాలు కదలకుండా,
సూపర్‌వైజరు అటు తిరిగితే కాస్త కదిపి.
ఫోన్లలో లక్షల మంది విన్నారంట.
పెట్టుకున్న పేరు ముంపు.
"అదేం పేరే?"
"ఏటా మా ఇంటికొచ్చే చుట్టంది."

మొదటి ఆల్బమ్. మూడొందల కాపీలు.
ఒక్కోటి రెండువేల రెండొందలు.
వాళ్ళమ్మ అడిగిందంట, కేజీయా అని.

ఏ రంగు కావాలో చెప్పమని
అచ్చేసేవాళ్ళు అట్టముక్క పంపారు,
నూట నలభై రంగులు.
ఎరుపుంది, ఇటుకుంది, చాక్లెట్టుంది.
మంచంకోడు మీద గీత గీసిపోయే
ఆగస్టు గోదారి లేదు.
ఈ పిల్ల రేవులోకి దిగి
లీటరు సీసా ముంచి, మూత బిగించి,
కొరియర్లో పడేసింది.
పదకొండు రోజుల ప్రయాణం.

నీళ్ళు తేరుకున్నాయి.

వాళ్ళు చూసింది చూసినట్టే పోశారు.
పెట్టె విప్పితే
గాజుపలకలా తేట పళ్ళెం,
ఒక పక్కన మాత్రం
గోరింటాకు పెట్టిన గోరంత వంపులో
ఎర్ర ఒండ్రు.
ఎస్తేరు నవ్విందో ఏడ్చిందో తెలీదు,
నేను ముల్లు తుడుస్తున్నాను.
"కదిపి చూడండని రాయటం మర్చిపోయా బాబాయ్."

ముల్లు దించాను.
గరగర.
తర్వాత నీళ్ళ చప్పుడు, గడప దాటేటప్పటిది.
కోళ్ళగంప ఎత్తమని ఎవరో అరుపు.
అప్పుడు ఈ పిల్ల గొంతు, ఊపిరి లేకుండా:

తల తీస్తే రూపాయి
తోలు తీస్తే రూపాయి
నా వేళ్ళ తోలూడితే
ఏ పద్దులో రాస్తావోయి

మిగతాది సగం నాకందలేదు. వయసు.
కళ్ళు మాత్రం పళ్ళెం మీదే ఉండిపోయాయి.
నిమిషానికి ముప్పైమూడు సార్లు
ఆ ఎర్రముక్క వస్తోంది,
ముల్లుని తాకి పోతోంది, మళ్ళీ వస్తోంది.
బాకాలేసుకుని పడవల మీద
ఇన్నేళ్ళు నేను ముందే చెప్పొచ్చిన రాక.
చెప్పి, సాయంత్రానికి
పొడి ఇంటికి తిరిగొచ్చేవాణ్ణి.

రెండో వైపు మధ్యలో కరెంటు పోయింది.
గొంతు బరువెక్కి, మగాడిదై,
ఎద్దు మూలుగై ఆగింది.
ఎస్తేరు వేలు పెట్టి తిప్పింది.
బాకా ఊరుకుంది గానీ
ముల్లు దగ్గర, చెవి ఆనిస్తే,
దోమంత సన్నగా
ఆ దరువు అలాగే ఉంది.

ఒక కాపీ ఇచ్చేసి బస్సుకెళ్ళిపోయింది, నైటు షిఫ్టు.
డబ్బులివ్వబోతే
"ముల్లు అద్దె" అంది.

టీ తెచ్చిన మా ఆవిడ
పళ్ళేన్ని వెలుతురుకి పెట్టి చూసింది చాలాసేపు.
"దీన్ని మాత్రం మరగబెట్టకు" అన్నాను.